కణజీవశాస్త్రవేత్త కృషిని సైటేషన్ల లెక్కలో చదవడం ఎలా

ప్రపంచంలోని అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా ఏటా వెలువడగానే విశాఖపట్నం పత్రికల జిల్లా పేజీల్లో ఇక్కడి విశ్వవిద్యాలయాల ఆచార్యుల ఫొటోలు, వారికి అందిన అభినందనలు కనిపించడం కొన్నేళ్లుగా ఆనవాయితీ అయింది. ఆ వార్తల్లో పేరు, విభాగం, ర్యాంకు ఉంటాయి గాని, ఆ పరిశోధకుడు ఏం కనిపెట్టాడు, ఆయన పనిని ఎవరు ఏ అవసరం కోసం వాడుకున్నారు అన్న సంగతి దాదాపుగా ఉండదు. కణజీవశాస్త్రం వంటి రంగంలో, ఒక్కో పరిశోధన పత్రం వెనక ఏళ్ల తరబడి సాగిన కణాల పెంపకం, సూక్ష్మదర్శిని పని, మళ్లీ మళ్లీ చేసిన ప్రయోగాలు ఉండే చోట, ఈ లోటు చిన్నది కాదు. ఒక పత్రం మరొకరి చేతిలో ఏదో విధంగా ఉపయోగపడిందనడానికి సైటేషన్, అంటే ఆ పత్రాన్ని మరో పత్రం ఆధారంగా ఉదహరించడం, ఒక గుర్తు. ఆ ఉపయోగం ఎలాంటిదో, ఆ పత్రంలో రాసింది నిజమో కాదో అంకె చెప్పదు. అది తెలుసుకోవాలంటే అంకె వెనక ఉన్న పత్రాలను తెరవక తప్పదు.

ముందుగా ఆ జాబితా సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు 2019లో ప్లాస్ బయాలజీ పత్రికలో వివరించిన పద్ధతి ప్రకారం ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ నడిపే, పత్రాల సైటేషన్లను నమోదు చేసే స్కోపస్ డేటాబేస్ నుంచి దీన్ని తయారు చేస్తారు. శాస్త్రాలన్నింటినీ 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడదీసి, ఒక్కొక్కరికి ఆరు కొలతలు కలిపిన మిశ్రమ స్కోరు కడతారు. మొత్తం సైటేషన్లు, హెచ్‌-ఇండెక్స్ (దీని లెక్క కింద వస్తుంది), సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్‌-ఇండెక్స్ మొదటి మూడు కొలతలు. ఒక్కరే రాసిన పత్రాలకు వచ్చిన సైటేషన్లు, వాటికి మొదటి రచయితగా రాసినవి కలిపితే వచ్చేవి, చివరి రచయితగా ఉన్నవి కూడా కలిపితే వచ్చేవి మిగిలిన మూడు. వృత్తి జీవితం మొత్తానికి ఒక పట్టిక, ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లకు మరొక పట్టిక ఉంటాయి. ఈ రెండూ వేర్వేరు విషయాలు చెబుతాయి: ముప్పై ఏళ్ల కృషి నిలకడను మొదటిది చూపితే, నిరుటి గిరాకీని రెండోది చూపుతుంది. ఏ పట్టికలో పేరు వచ్చిందో రాయని వార్త సగం వార్తే. పైగా ఇది ఎవరూ ప్రదానం చేసే పురస్కారం కాదు, డేటాబేస్ మీద చేసిన గణాంకం మాత్రమే.

ఆ ఆరు కొలతల్లో మొదటి రచయిత, చివరి రచయిత అన్న విభజనకు చోటు దక్కడానికి కారణం జీవశాస్త్ర ప్రయోగశాలల ఆచారంలో ఉంది. గణితంలో రచయితల పేర్లు చాలావరకు అక్షర క్రమంలో ఉంటాయి. కణజీవశాస్త్రంలో మాత్రం ప్రయోగబల్ల దగ్గర ఎక్కువ పని చేసిన పరిశోధక విద్యార్థి పేరు మొదట, ప్రయోగశాలను నడిపే గైడ్ పేరు చివర వస్తాయి. అందువల్ల ఒక కణజీవశాస్త్రవేత్త పత్రాల జాబితాను తేదీల వారీగా చదివితే, తొలి ఏళ్లలో పేరు ముందుండి, సొంత ప్రయోగశాల పెట్టుకున్నాక చివరికి జరగడం కనిపించాలి. ఎప్పుడూ మధ్యలోనే ఉండే పేరు నేరం కాదు. మంచి మైక్రోస్కోపీ నిపుణులు, గణాంక నిపుణులు అక్కడే ఉంటారు. కాని ఆ పత్రాల సైటేషన్లన్నీ ఆ ఒక్కరి ఆలోచనకు వచ్చిన గుర్తింపుగా చెప్పుకోవడం సరికాదు. ఆటోఫాజీని, అంటే కణం తన భాగాలను తానే జీర్ణించుకునే ప్రక్రియను, ఎలా కొలవాలో చెబుతూ 2016లో వచ్చిన మార్గదర్శక పత్రానికి రెండు వేలకు పైగా రచయితలు ఉన్నారు. ఆ పత్రాన్ని వేల మంది ఉదహరించారు. ఆ వేల సైటేషన్లు రచయితల్లో ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా జమ అవుతాయి.

సైటేషన్లను లెక్కించే పని నిజానికి మూల్యాంకనం కోసం మొదలు కాలేదు. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించిన సైటేషన్ సూచిక, ఒక పాత పత్రం నుంచి దాన్ని వాడుకున్న కొత్త పత్రాలకు దారి చూపే గ్రంథాలయ సాధనం. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్‌-ఇండెక్స్‌ను ప్రతిపాదించిన తర్వాత మనిషిని ఒకే అంకెలో చూడడం సులువైపోయింది. కనీసం h సార్లు ఉదహరింపు పొందిన పత్రాలు h సంఖ్యలో ఉంటే ఆ h ఆ వ్యక్తి సూచిక. ఇద్దరు పరిశోధకులను ఊహించుకుంటే దీని బలహీనత తెలుస్తుంది. ఒకరికి ఐదు పత్రాలున్నాయి, వాటికి వరుసగా 1,200, 300, 60, 5, 4 సైటేషన్లు వచ్చాయి. ఇంకొకరికి పన్నెండు పత్రాలున్నాయి, ఒక్కోదానికి 12 చొప్పున వచ్చాయి. మొదటివారికి మొత్తం 1,569 సైటేషన్లు ఉన్నా హెచ్‌-ఇండెక్స్ 4 మాత్రమే. రెండోవారికి మొత్తం 144 అయినా హెచ్‌-ఇండెక్స్ 12. పైగా ఈ అంకె పెరగడమే గాని తగ్గడం ఉండదు కనుక వయసు పైబడిన వారికి సహజంగానే అనుకూలం. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, ముద్రణకు ముందు వచ్చే ప్రతులను కూడా కలుపుకుంటుంది, స్కోపస్ తాను ఎంచుకున్న పత్రికలకే ఎక్కువగా పరిమితమవుతుంది. అందువల్ల ఏ డేటాబేస్ నుంచి తీసుకున్నదో చెప్పని హెచ్‌-ఇండెక్స్‌తో ఇద్దరిని పోల్చడం కుదరదు.

వినియోగానికి, విలువకు మధ్య తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది పద్ధతులను వివరించే పత్రాల్లో. 2014లో అత్యధికంగా ఉదహరింపు పొందిన వంద పత్రాల జాబితాను నేచర్ పత్రిక వేయిస్తే, మొదటి స్థానంలో నిలిచింది డీఎన్‌ఏ నిర్మాణమో మరో గొప్ప ఆవిష్కరణో కాదు. ఒక ద్రావణంలో ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని వివరిస్తూ ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసిన పత్రం అది. అప్పటికే దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. ఆంధ్ర దేశంలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసిన ఏ ఎమ్మెస్సీ విద్యార్థికైనా లౌరీ పద్ధతి తెలుసు. కణాలు బతికున్నాయా చచ్చిపోయాయా అని రంగు మార్పుతో చెప్పే ఎంటీటీ పరీక్ష 1983 నాటి మోస్‌మన్ పత్రం నుంచి వచ్చింది. తూర్పు కనుమల మొక్కల రసాలు క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తాయో చూసే పరిశోధకుడు కూడా దాన్నే ఉదహరిస్తాడు. ఇలాంటి పత్రాలకు వచ్చిన సైటేషన్లు వాటిని రాసినవారి నైపుణ్యానికి నిజమైన సాక్ష్యమే. అయితే అవి పనిముట్టుకు దక్కిన గిరాకీ. జీవకణం గురించి కొత్తగా ఏదో తెలిసిందనడానికి అవి సాక్ష్యం కావు.

ఈ సందర్భంలో తెలుగువారు తప్పక తలచుకోవలసిన పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ అంచనా పద్ధతిలో, ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేట్‌తో కలిసిన ఫాస్ఫేట్‌ను క్షయకరణం చేసి, వచ్చిన నీలి రంగు గాఢతను కొలుస్తారు. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన ఆ పత్రాన్ని వేల పత్రాలు ఉదహరించాయి, ఫిస్కె–సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ ప్రయోగశాలల్లో నిలిచి ఉంది. అదే పద్ధతిని వాడి వారిద్దరూ కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో గుర్తించారు. కాని హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు, 1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశాయి, ఆ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసి కణ విభజనను ఆపే అమినోప్టెరిన్‌ను అందించాయి. సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అదుపులోకి తెచ్చింది ఆ మందుతోనే. ఇక ఆయన నాయకత్వంలోనే లెడర్లీలో వెలువడిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ పేరు చెప్పగానే పత్రాల్లో కనిపించేది బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు పేరు మీద సైటేషన్లు లెక్కిస్తే ఫాస్ఫరస్ పద్ధతి శిఖరంలా నిలుస్తుంది, ఆ తర్వాత కోట్ల మంది ప్రాణాలకు సంబంధించిన పనిలో ఆయన వహించిన నాయకత్వం ఆ లెక్కలో చాలావరకు జారిపోతుంది. ఒక తెలుగు శాస్త్రవేత్త విషయంలోనే ఇంత స్పష్టమైన ఉదాహరణ ఉండగా, అంకెను మనిషికి కొలమానంగా ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం బాధ కలిగించే విషయం.

కాలం మరొక చిక్కు. జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టర్ కరీ 1972లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో, కణం క్రమబద్ధంగా తనను తాను అంతం చేసుకునే తీరుకు అపోప్టోసిస్ అని పేరు పెట్టి వివరించారు. సూక్ష్మదర్శినిలో వారు చూసిన మార్పులకు జన్యువుల స్థాయిలో వివరణ లేని ఆ రోజుల్లో పత్రాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1980ల చివర నులిపురుగులో కణ మరణాన్ని నియంత్రించే జన్యువులు, మనుషుల లింఫోమాల్లో (లింఫ్ కణాల క్యాన్సర్లలో) కణ మరణాన్ని అడ్డుకునే జన్యువు బీసీఎల్‌-2 పాత్ర బయటపడ్డాక ఆ పాత పత్రం వైపు అందరూ మళ్లారు. 1990ల నుంచి అది కణజీవశాస్త్రంలో అత్యధికంగా ఉదహరించే పత్రాల్లో ఒకటైంది. 1975లో పదోన్నతి సంఘం ముందు ఆ పత్రాన్ని సైటేషన్లతో తూచి ఉంటే దానికి విలువ కట్టలేకపోయేవారు.

యోషినోరి ఒసుమి కథలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. 1988లో టోక్యోలో సొంత ప్రయోగశాల మొదలుపెట్టినప్పుడు ఆయనకు నలభై మూడేళ్లు. ఎక్కువమంది ఆసక్తి చూపని ఈస్ట్ రిక్తికను (కణంలో పదార్థాలను జీర్ణించే సంచి వంటి భాగాన్ని) ఎంచుకుని, పోషకాలు అందకుండా చేసిన కణాల్లో ఆటోఫాజీ జరగడాన్ని చూశారు. ఆటోఫాజీ జరగని 15 రకాల ఉత్పరివర్తిత ఈస్ట్‌లను వేరుచేసిన 1993 నాటి పత్రం వచ్చింది ఎఫ్‌ఈబీఎస్ లెటర్స్‌లో. ఆడంబరమైన పేరున్న పత్రిక కాదది. 2016లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆ రంగం మొత్తం ఆ జన్యువుల మీదే నడుస్తోంది.

దీనికి విరుద్ధంగా, పని ఎంతగా జీర్ణించుకుపోతే అంతగా ఉదహరించడం మానేసే స్థితి కూడా ఉంది. సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ దీన్ని వివరించారు. విశాఖలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది, రంగం వేరైనా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రకటించిన ఫలితాలు క్రామర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అన్న పేర్లతో పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. వాటిని వాడేవారిలో ఎక్కువమంది మూల పత్రాన్ని ఉదహరించరు. కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అని రాసే ప్రతి పత్రమూ దాన్ని కనిపెట్టినవారిని ఉదహరించనట్లే ఇదీ.

పత్రిక పేరుతో పత్రానికి విలువ కట్టే అలవాటు మీద ఎక్కువ చెప్పనక్కరలేదు, దాన్ని తప్పని తేల్చి చాలాకాలమైంది. గడచిన రెండేళ్లలో ఒక పత్రిక ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. పెర్ సెగ్లెన్ 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపినట్లు, ఒక పత్రికకు వచ్చే సైటేషన్లలో సగం దాని వ్యాసాల్లో 15 శాతానికే వస్తాయి. అంటే పెద్ద పత్రికలో అచ్చయిన వ్యాసాల్లో అధిక భాగం ఆ సగటును కూడా అందుకోవు. ఈ దురలవాటుకు వ్యతిరేకంగా సంఘటితంగా గొంతెత్తినవారు కణజీవశాస్త్రవేత్తలే కావడం గమనించదగ్గ విషయం. 2012 డిసెంబరులో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశాల సందర్భంగా శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన, ఉద్యోగాలు, పదోన్నతులు, నిధుల విషయంలో పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వ్యక్తి కృషికి ప్రత్యామ్నాయంగా వాడవద్దని కోరింది.

ఈ రంగానికే ప్రత్యేకమైన, ఎక్కువ కలవరపెట్టే సమస్య ఒకటి ఉంది. ప్రయోగం చేసిన కణాలు నిజంగా ఆ కణాలేనా? 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి పెంచిన హీలా కణాలు ఎంత చురుగ్గా పెరుగుతాయంటే, ఒక పిపెట్ పొరపాటుతో పక్క పాత్రలోకి చేరినా కొద్ది రోజుల్లో అక్కడి కణాలను తోసిరాజని తామే మిగులుతాయి. 1966లో స్టాన్లీ గార్ట్లర్ వేర్వేరు అవయవాల నుంచి వచ్చాయని భావిస్తున్న 18 కణ వంశాలు (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే కణాలు) నిజానికి హీలాయేనని చూపించారు. స్వరపేటిక క్యాన్సర్ కణాలుగా దశాబ్దాల పాటు వాడిన హెప్‌-2 కూడా హీలాయేనని తేలింది. సెర్జ్ హోర్బాక్, విల్లెం హాల్ఫ్‌మన్ 2017లో చేసిన పరిశీలన ప్రకారం, ఇలా తప్పుగా గుర్తించిన కణాలతో చేసిన పరిశోధన పత్రాలు 32,755 ఉన్నాయి. వాటిని ఉదహరించిన పత్రాలు దాదాపు ఐదు లక్షలని వారు అంచనా వేశారు. ఆ సైటేషన్లన్నీ రచయితల హెచ్‌-ఇండెక్స్‌లో యథాతథంగా కూర్చున్నాయి. చిత్రాల విషయమూ ఇంతే. ఎలిజబెత్ బిక్ బృందం 2016లో 20,621 పత్రాల్లోని చిత్రాలను కంటితో పరిశీలించగా, 3.8 శాతం పత్రాల్లో అనుచితంగా పునరావృతమైన చిత్రాలు కనిపించాయి. ప్రొటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో కనిపించే పట్టీలే అందులో ఎక్కువగా పట్టుబడే రకం.

దీని నుంచి విశాఖలోని పరిశోధకుడికి, ఆయన్ని అంచనా వేసేవారికి ఆచరణీయమైన ప్రశ్న ఒకటి దొరుకుతుంది. కణాలు ఎక్కడ నుంచి తెచ్చారు? పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం వంటి భాండాగారం నుంచి తెచ్చారా, పొరుగు ప్రయోగశాల నుంచి ఒక ఫ్లాస్కులో అరువు తెచ్చుకున్నారా? డీఎన్‌ఏలో ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో పునరావృతమయ్యే ఎస్‌టీఆర్ గుర్తులతో వాటి వంశాన్ని సరిచూశారా? పత్రంలోని పద్ధతుల విభాగంలో ఈ ప్రశ్నలకు జవాబులు ఉండడం, ఆ పత్రానికి వచ్చిన ముప్పై సైటేషన్లకన్నా ఎక్కువ నమ్మకాన్నిస్తుంది.

తెలుగు పేర్లు తెచ్చిపెట్టే ఇబ్బంది డేటాబేస్‌లను నడిపేవారికి తెలియకపోవచ్చు గాని ఇక్కడివారికి నిత్యానుభవం. ఇంటిపేరు ముందు రాసి, దాన్ని ఒక అక్షరానికి కుదించి, చివర రావు, రెడ్డి, మూర్తి, లక్ష్మి వంటి మాటతో ముగించే మన పద్ధతిని, చివరి మాటనే కుటుంబ నామంగా భావించే పాశ్చాత్య సూచికలు తలకిందులుగా చదువుతాయి. ఒకే మనిషి ఒక పత్రంలో కె.వి.రావుగా, మరోదానిలో వెంకటరావు కె.గా, వేరొకదానిలో ఇంటిపేరు పూర్తిగా విడదీసిన రూపంలో అచ్చవుతాడు. ఆయన కృషి మూడు ఖాతాలుగా చీలి, ఒక్కోదాని హెచ్‌-ఇండెక్స్ అసలు దానికన్నా చిన్నదవుతుంది. దీనికి వ్యతిరేక దిశలో, ఒకే పొడి అక్షరాలున్న నలుగురు రావుల పత్రాలు ఒకే ఖాతాలో కలిసిపోయి, లేని మహాశాస్త్రవేత్తను సృష్టిస్తాయి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన పరిశోధకురాలికి మొదటి పదేళ్ల పని వేరే ఖాతాలో మిగిలిపోవడం అసాధారణం కాదు. 2012లో మొదలైన ఆర్కిడ్ సంస్థ ప్రతి పరిశోధకుడికీ 16 అంకెల గుర్తింపు సంఖ్యను ఉచితంగా ఇస్తోంది. పిహెచ్‌డీలో చేరిన తొలి నెలల్లోనే దాన్ని తీసుకుని, ప్రతి పత్రంలోనూ ఒకే అక్షర క్రమంతో పేరు రాయడం అలవాటు చేయడం గైడ్‌ల బాధ్యత. తర్వాత ఇరవై ఏళ్లకు చేసే దిద్దుబాటు సగం కూడా ఫలించదు.

రంగాల మధ్య పోలిక కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. విశాఖ తీరంలోని పీతల జాతులను గుర్తించి వర్ణించే జంతుశాస్త్రవేత్తను ఉదహరించగలిగినవారు ప్రపంచంలో కొద్దిమందే. ఆటోఫాజీ మీద పనిచేసే కణజీవశాస్త్రవేత్త చుట్టూ ఏటా వేల పత్రాలు వస్తాయి, ఒక్కోదాని చివర యాభై అరవై ఆధారాలుంటాయి. ఒకే విభాగంలో పక్క పక్క గదుల్లో కూర్చున్న ఇద్దరిని ముడి సైటేషన్లతో పోల్చడం అన్యాయం. రంగాన్ని, ప్రచురించిన సంవత్సరాన్ని, పత్రం రకాన్ని బట్టి ప్రపంచ సగటును 1.0గా తీసుకుని లెక్కించే కొలతలు కొంత మేలు. అయితే పత్రాలు పదికి లోపు ఉన్నవారి విషయంలో ఒక్క సమీక్షా వ్యాసమే ఆ సగటును ఎగరేస్తుంది కనుక అక్కడ దాన్నీ నమ్మలేం.

చదవడానికి ఇప్పుడు పెద్ద అడ్డంకి కూడా లేదు. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ఒకప్పుడు సారాంశం చూసి సరిపెట్టుకోవలసి వచ్చిన చోట ఇప్పుడు పూర్తి పత్రం తెరవవచ్చు. ఒక కణజీవశాస్త్రవేత్త ఉత్తమ పత్రాన్ని ఉదహరించిన ఓ ఇరవై పత్రాలను తెరిచి, ఆ సైటేషన్ ఏ విభాగంలో ఉందో చూస్తే గంటలోనే చాలా తెలుస్తుంది. పరిచయ విభాగంలో పది పేర్ల వరుసలో ఒకటిగా ఉంటే అది మర్యాదపూర్వక ప్రస్తావన. పద్ధతుల విభాగంలో ఉంటే ఆయన చూపిన మార్గాన్ని ఎవరో నిజంగా అనుసరించారు. చర్చా విభాగంలో విభేదిస్తూ ప్రస్తావిస్తే ఆ ఫలితాన్ని పట్టించుకుని పరీక్షించినవారున్నారు. ఫలితాల విభాగంలో, వేరే ఊళ్లో, వేరే కణాలతో చేసినా అదే ఫలితం వచ్చిందని రాసి ఉంటే అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఎంపిక సంఘాలు అభ్యర్థిని అడగవలసింది ఇదే: మీ పత్రాల్లో మూడింటిని, వాటిలో మీరు స్వయంగా చేసిన పని ఏమిటో ఒక్కో పేరాలో రాసి తీసుకురండి, మీ సంబంధం లేని ప్రయోగశాల ఏదైనా ఆ ఫలితాన్ని తిరిగి సాధించి ఉంటే ఆ పత్రాన్ని కూడా జతచేయండి.